ముందు ల్యాప్‌టాప్ మూసెయ్యి

చిరంజీవి కార్తీక్‌కి,

నీ వాయిస్ మెసేజీలన్నీ విన్నాను. పాత కార్బ్యురేటర్ మారుతి 800కి ఇంజెక్టర్లు పెట్టి, ఆర్డుయినో మెగా మీద నడుస్తూ ఇంజిన్‌ని అదుపు చేసే స్పీడుయినో బోర్డు నీ అంతట నువ్వే అమర్చావంటే నాకెంతో గర్వంగా ఉందిరా. కానీ మూడు వేల ఆర్‌పీఎమ్ దాటగానే బండి తన్నుతోందని రోజూ ల్యాప్‌టాప్‌లో పెట్రోలు మ్యాప్ మారుస్తున్నానన్నావే, అది మాత్రం నాకు నచ్చలేదు.

కంపెనీ బండికైతే వైరింగ్ పుస్తకం ఉంటుంది, ఫాల్ట్ కోడ్ ఉంటుంది, పక్క షెడ్డులో అలాంటిదే ఇంకో బండి ఉంటుంది. నీ బండికి అవేవీ లేవు. అందుకే ఏ తీగ ఏ పిన్నుకు పోయిందో, ఏ ఫ్యూజు దేనిదో కాగితం మీద గీసుకో. గీస్తుంటేనే కొన్ని తప్పులు బయటపడతాయి.

తర్వాత ఎర్త్ చూడు. మల్టీమీటరు బీప్‌మన్నంత మాత్రాన తీగ బాగున్నట్టు కాదు. లోపల ఒక్క రాగి పోగు మిగిలినా బీప్ వస్తుంది. తీగని బోర్డు నుంచి ఊడదీసి, దాని మీదుగా 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు వెలిగించు. మసకగా వెలిగితే దొంగ దొరికినట్టే. మళ్లీ బిగించాక మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, రెండోది బోర్డు ఎర్త్ పిన్నుకీ పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. 0.2 వోల్టు దాటకూడదు.

నువ్వు పంపిన గ్రాఫు పెద్దది చేసి చూశాను. ఆర్‌పీఎమ్ గీత 3,200 నుంచి ఉన్నట్టుండి సున్నాకి పడి, వెంటనే మళ్లీ 3,200కి లేచింది. అంత బరువైన ఫ్లైవీల్ రెప్పపాటులో ఆగి, మళ్లీ అదే వేగం అందుకోగలదా? ఆగింది ఇంజిన్ కాదు, బోర్డే పళ్ల లెక్క తప్పింది. నీ క్రాంక్ చక్రానికి 36 పళ్లలో ఒకటి లేదు. పన్నుకీ పన్నుకీ 10 డిగ్రీలు. ఆ ఖాళీని బట్టే క్రాంక్ ఎక్కడుందో బోర్డుకు తెలుస్తుంది. ఆ పళ్లను చూసే నీ క్రాంక్ సెన్సరు రెండు తీగల అయస్కాంతం రకం. ఆ తీగలు తారుమారైనా ఇంజిన్ స్టార్ట్ అవ్వచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వేగం పెరిగాక మాత్రం ఖాళీని పోల్చుకోలేక లెక్క జారుతుంది. నా అనుమానమంతా దాని మీదే. తీగలు మార్చి చూడు, మార్చాక టైమింగ్ లైటుతో సరిచూసుకో. ఆ తీగల్ని మెలిపెట్టి, షీల్డును బోర్డు వైపు మాత్రమే ఎర్త్ చేసి, కాయిల్ వైర్లకు దూరంగా తీసుకెళ్లు. ఇవన్నీ ఒకేసారి చెయ్యకు. ఒకటి మార్చు, నడుపు, రాసుకో.

మిస్ కొట్టేటప్పుడు ఆక్సిజన్ సెన్సరు మాట వినకు. మండని గాలి అలాగే సైలెన్సర్‌లోకి పోతుంది కాబట్టి, పెట్రోలు తక్కువైందని చూపిస్తుంది. అది నమ్మి పెట్రోలు పెంచుతూ పోయావు, ప్లగ్గులు నల్లబడ్డాయి. మొదటి మ్యాప్ మళ్లీ ఎక్కించు.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా క్రాంక్ సెన్సరు ప్లగ్ పీకు. ఇంజిన్‌తో పాటు పెట్రోలు పంపు కూడా ఆగాలి. ఆగకపోతే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు పంపు రిలే వైరింగ్ సరిచెయ్యి.

లోపం దొరికేదాకా ఆ బండిని కాలేజీ గేటు దాటించకు నాయనా. లారీల మధ్య ఇంజిన్ ఆగిపోతే తప్పుకునే వ్యవధి ఉండదు. వైరింగ్ బొమ్మ గీయగానే ఫోటో పంపు, రాత్రి ఫోన్‌లో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య,
ఆటోనగర్, విజయవాడ