ఒక్క పూట శీలం

పగిడ్యాలలోనో పక్క ఊర్లోనో, మిరప చేలో పొద్దంతా వంగి పనిచేసి ఇల్లు చేరే మనిషిని తలుచుకోండి. దారిలో స్నేహితుడు ఆపుతాడు. "ఒక్క గ్లాసేలేన్నా, ఏమైతాది?" అంటాడు. మొదటిరోజే "నీ కూలి డబ్బుల్లో సగం ఇక్కడ పెట్టిపో" అని అడిగుంటే ఆ మనిషి తిట్టి పోయేవాడు. అడిగింది ఒక్క గ్లాసే కాబట్టి మొహమాటపడి "సరేలే" అన్నాడు. నాలుగు వారాలు పోయాక ఎవరూ పిలవక్కర్లేదు, ఆయనే పోతాడు. ఏకు మేకై కూర్చుంటుంది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో బియ్యానికీ పిల్లల ఫీజుకీ తడుముకోవాల్సి వస్తుంది.

ఆయన్ని లాగింది మత్తు ఒక్కటే కాదు. "సరేలే" అన్న ఆ చిన్న మాట కూడా లాగింది. చిన్న మాటకు ఇంత బలం ఎక్కడిది? ఆ బలాన్ని మంచివైపు తిప్పుకోవడం ఎట్లా? ఈ పాఠంలో చూద్దాం.

మనసు ఎట్లా పనిచేస్తుంది?

అమెరికాలో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1966లో ఒక పరిశోధన ప్రచురించారు. "జాగ్రత్తగా బండి నడపండి" అనే పెద్ద, వికారమైన బోర్డును మీ ఇంటి ముందు పాతుకుంటామని కాలిఫోర్నియాలో కొందరు ఇంటివాళ్లను అడిగారు. నేరుగా అడిగితే నూటికి 17 మందే ఒప్పుకున్నారు. ఇంకొందరిని మాత్రం రెండు వారాల ముందే ఒక చిన్న పని అడిగారు. అదే విషయం మీద మూడంగుళాల చిన్న గుర్తును ఇంట్లో పెట్టుకోమన్నారు. వాళ్లను తర్వాత పెద్ద బోర్డు అడిగితే నూటికి 76 మంది సరేనన్నారు.

మధ్యలో మారింది ఏమిటి? తమ గురించి తాము అనుకునే తీరు మారింది. "ఇట్లాంటి మంచిపనికి ముందుండే మనిషిని నేను" అని లోపల ఒక ముద్ర పడింది. తర్వాతి పని ఆ ముద్రను బట్టి నడిచింది. "నేను ఒక గ్లాసు వేసే మనిషిని" అనే ముద్ర కూడా ఇట్లాగే పడుతుంది.

శీలం పైకి ఎందుకు పలకాలి?

ఇచ్చిన మాట ఎప్పుడు గట్టిగా నిలుస్తుందో ఇదే రంగంలో పనిచేసిన రాబర్ట్ చాల్డీనీ చెప్పాడు. మనమే చేసి చూపాలి, నలుగురి ముందు చేయాలి, అందులో కొంత శ్రమ ఉండాలి, బలవంతం ఉండకూడదు. ఇప్పుడు మన పంచశీలను చూడండి. దాన్ని నోటితో పలుకుతాం, సంఘం ముందు పలుకుతాం, పాటించడానికి శ్రమపడతాం. "సమాదియామి" అంటే "నేనే స్వీకరిస్తున్నాను" అని అర్థం. ఎవరో వేసిన ఆజ్ఞ కాదది. దాన్ని సిక్ఖాపదం, అంటే శిక్షణ నియమం అన్నారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఉపన్యాసంతో సరిపెట్టలేదు. 22 ప్రతిజ్ఞలను లక్షలమంది చేత పైకి పలికించారు. మద్యం తాగను అనేది వాటిలో ఒకటి.

ఎర్రగుడి బండ చెప్పే మాట

2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా మనదీ కర్నూలు జిల్లానే. ఆ కర్నూలు జిల్లాలోనే ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. మొదటి శిలాశాసనంలో ఆయన తన వంటశాల సంగతి దాచకుండా చెప్పుకున్నాడు. ఇదివరకు రోజూ లక్షల ప్రాణులను కూరకోసం చంపేవారు. ఇప్పుడు మూడింటినే చంపుతున్నారు, రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ఇకముందు ఆ మూడింటినీ చంపరు. అంత పెద్ద రాజు కూడా "పూర్తిగా మారిపోయాను" అని రాయించుకోలేదు. ఎంతవరకు తగ్గించాడో, ఇంకా ఏం మిగిలిందో నలుగురూ చదివేలా రాయించాడు.

అక్కడి లఘు శాసనంలో ఇంకో నిజం ఒప్పుకున్నాడు. ఉపాసకుడైన కొత్తలో ఏడాదిపాటు తాను గట్టిగా ప్రయత్నించలేదు, సంఘానికి దగ్గరయ్యాకే పట్టుదలతో నడిచాడు. ఇది పెద్దవాళ్లకే కాదు, ప్రయత్నిస్తే చిన్నవాళ్లకూ సాధ్యమే అన్నాడు.

దీక్ష తీసుకుని మళ్లీ జారిపోయి, సిగ్గుతో విహారం వైపు రాని అన్నలారా, ఈ మాట మీ కోసమే. అశోకునికే ఒక ఏడాది అట్లా గడిచింది. శీలం తప్పితే మళ్లీ స్వీకరించవచ్చు. రాకుండా ఉండిపోవడమే అసలు నష్టం.

మాట అడిగేవాణ్ణి కూడా చూడండి

ఈ కిటుకు తెలిసినవాళ్లు బజారులో చాలామంది ఉన్నారు. "ఊరికే ఒక సంతకం పెట్టక్కా", "ముందు వెయ్యి రూపాయలే కట్టు" అంటారు. ఆనక "ఒకసారి ఒప్పుకున్నాం కదా" అని మనకు మనమే కట్టుబడిపోతాం. బుద్ధుడు రాహులుడికి చెప్పింది గుర్తుంచుకోండి. పని చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా అద్దంలో చూసుకున్నట్టు చూసుకోవాలి. దీనివల్ల నాకుగానీ ఇతరులకుగానీ హాని ఉందా? ఉంటే మధ్యలోనైనా ఆపాలి. హాని చేసే మాటను వదిలేయడం మాట తప్పడం కాదు, కన్ను తెరవడం.

ఈ వారం సాధన

1. ఒక్క శీలం ఎంచుకోండి. జన్మంతా అనొద్దు, "ఈరోజు రాత్రి పడుకునేదాకా" అనుకోండి. ఉపోసథ రోజున ఉపాసకులు అష్టశీల తీసుకునేదీ ఒక్క పగలూ రాత్రికే.

2. దాన్ని ఇంట్లో ఒకరి ముందు పైకి చెప్పండి. పిల్లల ముందు చెబితే ఇంకా మేలు.

3. ఒక కాగితం మీద మీ చేత్తో రాసి గోడకు అంటించండి. నిలబెట్టుకున్న రోజు ఒక గీత గీయండి.

4. తప్పిన రోజు గీత గీయకండి, కాగితం చింపకండి. తెల్లారి మళ్లీ పలకండి.

రోజువారీ తాగుడు అలవాటై, మానితే చేతులు వణికే స్థితిలో ఉంటే ఒక్కసారిగా మానేయడం ప్రాణానికి ప్రమాదం. మాట ఇచ్చి, ఆ మాటతోనే ముందు డాక్టరు దగ్గరికి పోండి.

ఒక్కొక్క బొట్టుతోనే కుండ నిండుతుంది. అది చెడుకైనా అంతే, మంచికైనా అంతే. ఈ పూట మీ కుండలో పడే బొట్టు ఏదో మీరే ఎంచుకోండి.

నమో బుద్ధాయ! జై భీమ్!