పెరటి చుట్టాలు

తెలుగువారి ఇంటి వెనుక పెరడు ఉండడం ఒకప్పుడు సర్వసాధారణం. బావి గట్టున అరటి, గోడవారగా ములగ, పందిరిమీద బీర, ఆనప తీగలు, మడులలో వంగ, బెండ, గోంగూర, వాకిలి పక్కన కరివేప ఉంటే ఆ ఇంట కూరకు కొరత ఉండేది కాదు. నగరాలు పెరిగి పెరళ్లు కుంచించుకుపోయిన తరువాత ఆ తోటయే మేడమీదికి ఎక్కి మిద్దెతోట అయింది. మడి అయినా కుండీ అయినా చీడల బాధ మాత్రం ఒక్కటే. అలసంద లేత చిగురు వేయగానే పేనుబంక పడుతుంది. వంకాయ కోస్తే లోపల పురుగు కనిపిస్తుంది. మందార కొమ్మలకు పిండి అద్దినట్లు పిండినల్లి అంటుకొంటుంది. వెంటనే అంగడికి పోయి మందుసీసా తెచ్చి పిచికారీ చేయడం నేటి అలవాటు. పురుగును చంపే విషాన్ని ‘మందు’ అని పిలవడం మన భాషలో ఎప్పుడు మొదలయిందో గాని, ఆ పేరు చేసిన కీడు తక్కువది కాదు.

పిచికారీ చేసిన తరువాత తోటలో ఏమి జరుగుతుందో తెలియాలంటే పేనుబంక జీవితాన్ని పరిశీలించాలి. ఆడ పేనుబంక మగపురుగుతో కలయిక లేకుండానే సంతానాన్ని పొందగలదు. మన వంటి ఉష్ణప్రాంతాలలో అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కంటుంది. ఆ పిల్లలు వారం పదిరోజులలో తామూ తల్లులవుతాయి. వీటిని తిని బతికే అక్షింతల పురుగు సంగతి వేరు. అది గుడ్డు, పిల్లపురుగు, కోశస్థ దశలను దాటి పెద్దది కావడానికి సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. విషం చల్లినపుడు రెండూ చస్తాయి. కాని ఆకు అడుగున నాలుగు పేనుబంక పురుగులు మిగిలినా చాలు, కొద్దిరోజులలోనే కొమ్మ తిరిగి నిండిపోతుంది. అక్షింతల పురుగు మళ్లీ రావాలంటే దాని ఆహారమైన పేనుబంక ముందుగా పెరిగి ఉండాలి గదా! అందుచేత ప్రతి పిచికారీ అనంతరం ముందు కోలుకొనేది మన శత్రువే. పైగా, చావక మిగిలినవి విషాన్ని తట్టుకోగలిగినవి కావడం వలన వాటి సంతానానికి కూడా ఆ శక్తి సంక్రమిస్తుంది. మరుసటి సారి మోతాదు పెంచక తప్పదు.

ఇది పెరటికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. 1997–98లో వరంగల్లు జిల్లా పత్తిరైతులు దీనికి ప్రాణాలతో మూల్యం చెల్లించారు. పొగాకు లద్దెపురుగు పత్తిచేలను తినివేస్తుంటే వారు అప్పుచేసి మందుమీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు తీరలేదు. పురుగుకోసం కొన్న విషాన్నే తాగి మరణించినవారు అనేకులు. ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలోనే, నాటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ సమీపానగల పునుకుల గ్రామస్థులు రసాయనాలను విడిచిపెట్టి వేపకషాయం వంటి పద్ధతులతో పత్తిని, మిరపను పండించి చూపారు. పొలంమీద ఆధారపడి జీవించే రైతే అంతటి సాహసానికి పూనుకొన్నపుడు, నాలుగు వంగమొక్కలున్న మనం సంకోచించడంలో అర్థం లేదు.

మన తోటకు సాయం చేయవచ్చే జీవులను మొదట గుర్తుపట్టగలగాలి. ఎర్రని వీపుమీద నల్లని చుక్కలతో ముద్దుగా కనిపించే అక్షింతల పురుగును అందరూ ఎరుగుదురు. దాని పిల్లపురుగు మాత్రం అలా ఉండదు. నల్లగా, పొడవుగా, చిన్న మొసలిని పోలి ఉంటుంది. పేనుబంకను ఎక్కువగా తినేది ఈ దశలోనే. పాపం, ఆ రూపాన్ని చూసి ఇదే చీడ అనుకొని నలిపివేసేవారే ఎక్కువ. ఈ కుటుంబంలోనే ఒక చెడ్డ దాయాది కూడా ఉన్నది. వంగ, కాకర ఆకులను ఈనెలు మాత్రమే మిగిల్చి గీకి తినే పెంకుపురుగు అది. నిగనిగలాడే మెరుపు లేక, సన్నని నూగుతో, ఎక్కువ చుక్కలతో ఉంటుంది. దాని పిల్లలు పసుపుపచ్చగా, ముళ్లతో ఉంటాయి. వీటిని చేతితో ఏరివేయడమే తగిన ఉపాయం. ఆకుమీద వెంట్రుక వంటి సన్నని కాడ చివర తెల్లని గుడ్డు కనిపిస్తే అది అల్లికరెక్కల పురుగుది. గుడ్డు పగిలి ముందు బయటికి వచ్చిన పిల్ల తోబుట్టువులను తినివేయకుండా తల్లి చేసిన ఏర్పాటు ఆ కాడ.

కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగల పని మరింత విచిత్రమైనది. ఇవి మనుషులను కుట్టవు. కొన్ని పేనుబంక శరీరంలోను, కొన్ని సీతాకోకచిలుకల, రెక్కలపురుగుల గుడ్లలోను తమ గుడ్లను పెడతాయి. లోపల పుట్టిన పిల్ల ఆ పురుగునే తిని పెరిగి బయటికి వస్తుంది. ఆకుమీద కదలకుండా, గోధుమరంగులో ఉబ్బి ఉన్న పేనుబంక కనిపిస్తే దానిని తీసివేయరాదు. అది కందిరీగకు ఊయల. ఈ జాతి శక్తిని మన దేశం ఇటీవలనే ప్రత్యక్షంగా చూసింది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి అనే విదేశీ చీడ బయటపడింది. అది బొప్పాయితో ఆగక మల్బరీకి, కర్రపెండలానికి, ఇంకా అనేక మొక్కలకు పాకింది. మైనపు పూత వంటి తెల్లని పొర కప్పుకొని ఉండడం వలన రసాయనాలు దానిని అంతగా బాధించలేదు. 2010లో శాస్త్రజ్ఞులు పోర్టోరికో నుంచి మూడు జాతుల కందిరీగలను తెప్పించి, పరీక్షించి, తోటలలో విడుదల చేశారు. వాటిలో ఒకటైన ఎసిరోఫేగస్ పపాయే అతిత్వరగా వ్యాపించి చీడను అణచివేసింది. ఇంత మేలుచేసిన ఆ ప్రాణి పొడవు ఒక మిల్లీమీటరు కంటె తక్కువ.

పక్షుల విషయంలో మన పూర్వులు మనకంటె వివేకవంతులు. చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీసి పిచ్చుకలను ఇంటికి పిలిచేవారు. పిచ్చుక గింజలు తినే మాట నిజమే, కాని గూటిలోని పిల్లలకు అది పెట్టేది పురుగులనే. 1958లో చైనా ప్రభుత్వం పిచ్చుకను ధాన్యపు దొంగగా ప్రకటించి ఊరూరా వేటాడించింది. పిచ్చుకలు తగ్గగా మిడతలు పెరిగాయి. 1960లో ఆ జాబితానుంచి పిచ్చుకను తొలగించి దాని స్థానంలో నల్లిని చేర్చవలసి వచ్చింది. మన పక్షులలో పసులపోలిగాడు, గోరింక, పాలపిట్ట పురుగులను ఏరి తినడంలో అందెవేసినవి. మడి మధ్య మనిషి ఎత్తున ఒక కర్రను పాతి దానికి అడ్డకర్ర కడితే పసులపోలిగాడు దానిమీద వాలి వేట సాగిస్తుంది. దసరానాడు పాలపిట్టను చూడడానికి ఊరిబయటికి పోయే మనం, తక్కిన రోజులలో దానికి వాలే చోటైనా మిగల్చకపోవడం వింతగా లేదా?

కప్పకు ఇంతటి గౌరవం కూడా దక్కలేదు. ఒకప్పుడు మన దేశంనుంచి కప్పకాళ్లు విదేశాలకు పెద్దయెత్తున ఎగుమతి అయ్యేవి. పొలాలలో కప్పలు తగ్గితే పురుగులు పెరుగుతాయన్న ఆందోళన బలపడడంతో 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఇక బల్లి, తొండ, ఊసరవెల్లి, గుడ్లగూబ, గబ్బిలం మన భయాలకు బలి అవుతున్న జీవులు. ఊసరవెల్లికి విషం లేదు. తొండను రాళ్లతో కొట్టడం పిల్లల ఆటగా సాగుతున్నది గాని, పగలంతా చీమలను, పురుగులను తింటూ అది చేసే కాపలాకు మనం కూలి ఇవ్వలేము. అపశకునమని తరిమే గుడ్లగూబ రాత్రిపూట ఎలుకలను పట్టుతుంది. గబ్బిలాన్ని దూతగా ఎన్నుకొని కావ్యం రచించిన గుర్రం జాషువా ఆ ప్రాణిపట్ల చూపిన ఆదరంలో కొంతైనా మనకు ఉంటే, సంధ్యవేళ దోమలను, రెక్కలపురుగులను వేటాడే చిన్న గబ్బిలాలు మన చూరులకు దూరమై ఉండేవి కావు.

ఈ చుట్టాలు పిలుపు లేకుండా రావు, మర్యాద లేకుంటే నిలువవు. పెద్ద కందిరీగలకు, పేనుబంకను తినే ఈగలకు పూలలోని మకరందమే ఆహారం. కనుక కొత్తిమీర, సోంపు, ఆవ మొక్కలలో కొన్నింటిని కోయకుండా పూతకు విడిచిపెట్టాలి. మడి అంచున బంతిని, ఒక మూల ఆముదాన్ని నాటాలి. పొగాకు లద్దెపురుగు తల్లి ఆముదపు ఆకుమీద గుడ్లు గుంపుగా పెడుతుంది. ఆ ఆకును తుంచి నాశనం చేస్తే తక్కిన మొక్కలు బతుకుతాయి. రాలిన ఆకులను తగులబెట్టక మొదళ్ల చుట్టూ పరిస్తే సాలెపురుగులకు, కప్పలకు నీడ దొరుకుతుంది. వెడల్పైన మూకుడులో నీళ్లుపోసి మధ్య ఒక రాయి ఉంచితే పక్షులు, తేనెటీగలు దప్పిక తీర్చుకొంటాయి. ఆ నీటిని ఒకటి రెండు రోజులకు ఒకమారు తప్పక మార్చాలి. లేనిచో దోమలను పెంచి డెంగ్యూను ఆహ్వానించినవారమవుతాము.

చెత్త, రాళ్లు, కట్టెలు గుట్టగా పోస్తే మేలుచేసే జీవులు చేరుతాయని కొందరు సలహా ఇస్తారు. చలిదేశాల తోటలకు ఆ మాట సరిపోవచ్చును. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తిరిగే మన నేలమీద ఇంటిగోడను ఆనుకొని అటువంటి గుట్టలను ఉంచడం అవివేకం. అంతగా ఉంచదలచినవారు దానిని పెరటి చివర, పిల్లలు ఆడని చోట ఉంచి, చీకటి పడిన తరువాత దీపం లేకుండా అటు పోరాదు.

చీడ మరీ మితిమీరినపుడు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. మొదట నీటిని వేగంగా చిమ్మి పేనుబంకను రాల్చాలి. అప్పటికీ తగ్గకుంటే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తేనెటీగలు గూటికి చేరిన సాయంవేళ చీడపట్టిన కొమ్మలకు మాత్రమే చల్లాలి. రసాయనాలు మానిన మొదటి నెలలలో తోట మునుపటికంటె అధ్వానంగా కనిపించడం సహజం. పేనుబంక ముందు వస్తుంది, దానిని వెదుక్కుంటూ అక్షింతల పురుగు తరువాత వస్తుంది. ఆ నడిమి రెండు మూడు వారాలలోనే చాలామంది ఓపిక నశించి మళ్లీ మందుసీసా మూత తీస్తారు.

ప్రశ్నలు

1. పిచికారీ తరువాత పేనుబంక ముందుగా కోలుకోవడానికి కారణాలను వివరించండి.
2. బొప్పాయి పిండినల్లిని అణచిన విధానాన్ని సంగ్రహంగా రాయండి.
3. మీ ఇంటిలోగాని, వీధిలోగాని కనిపించే ఒక ప్రాణిని వారంరోజులు పరిశీలించి, అది ఏమి తింటున్నదో పది వాక్యాలలో రాయండి.