వెనిస్‌లో ఒక రాత్రైనా ఉండండి

చి. ల. సౌ. అమ్మలుకు,

మీరిద్దరూ వెనిస్ చూడబోతున్నారని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన జాబితా మాత్రం చూసి భయపడ్డాను. మిలాన్ నుంచి రెండున్నర గంటల ప్రయాణమేగా, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తాం అన్నావు. పెళ్లయ్యాక మీరిద్దరే వెళ్తున్న మొదటి ఊరు అది. నా మాట విని ఆ జాబితాలో సగం కొట్టేయి. ఆ మిగిలిన డబ్బుతో ఒక రాత్రి అక్కడే ఉండండి.

ఎందుకంటున్నానో చెబుతాను. పగటి జనమంతా స్టేషను, రియాల్తో వంతెన, సాన్ మార్కో చౌకు మధ్యే తొక్కిసలాడి, సాయంత్రానికి రైలెక్కేస్తారు. ఆ తర్వాతే ఊరు ఊరిలా కనిపిస్తుంది. 1951లో ఆ పాత నగరంలో లక్షా డెబ్బయ్యయిదు వేల మంది దాకా ఉండేవారు. ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. ఒక్కపూట చూసిపోయేవాళ్ల తాకిడి తట్టుకోలేకే 2024 నుంచి రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని రోజుల్లో వాళ్ల దగ్గర ప్రవేశ రుసుం తీసుకుంటున్నారు. రాత్రి బస చేసేవాళ్లకు అది లేదు, కాకపోతే ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. చవకని మెస్త్రెలో గది తీసుకోకు. అది గట్టునేల మీది ఊరు, అక్కడ పడుకుంటే నేను ఉండమన్న ఫలితం దక్కదు. కన్నరేజో పేటలో వెతుకు.

చక్రాల పెట్టె వద్దు, వీపుసంచి చాలు. అక్కడ కార్లూ ఆటోలూ లేవు. వంతెనలు నాలుగు వందల పైచిలుకు, దాదాపు అన్నిటికీ మెట్లే. స్టేషను గుమ్మం దిగగానే పెద్ద కాలువ ఎదురొస్తుంది. అక్కడ ఒకటో నంబరు వపొరెత్తో ఎక్కండి. అది అక్కడి సిటీ బస్సు, నీళ్ల మీద నడుస్తుందంతే. రేవు రేవుకూ ఆగుతూ మెల్లగా పోతుంది కాబట్టి పాత వర్తకుల మేడలన్నీ తీరిగ్గా చూడొచ్చు.

గొండోలా సంగతి అడిగావు. పగటిపూట అరగంటకు తొంభై యూరోలని నగరపాలక సంస్థే రేటు పెట్టింది. అది పడవకు, మనిషికి కాదు. ఎక్కే ముందు మాట ఖాయం చేసుకోండి. అంత పెట్టాలనిపించకపోతే, పెద్ద కాలువను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే త్రగెత్తో ఉంది, రెండు యూరోలతో పని అయిపోతుంది. ఏది ఎక్కినా ఎక్కకపోయినా సాన్ త్రొవాజో దగ్గర గొండోలాలు తయారుచేసే చోటును కాలువకు ఎదుటి గట్టున నిలబడి చూడండి. గొండోలాకు తెడ్డు వేసేది ఒక్కడే, అదీ కుడివైపునే. పడవ గుండ్రంగా తిరిగిపోకుండా ఎడమ పక్కను కాస్త వెడల్పుగా కడతారు. జంటలు ఫొటోలు దిగే ఆ సోకు వెనక వడ్రంగి లెక్క అంత ఉంది.

బొమ్మల విషయంలో ఒకటే నియమం పెట్టుకోండి: ఏ గోడ కోసం గీశారో ఆ గోడ మీదే ఇంకా ఉన్నవాటిని ముందు చూడండి. ఫ్రారి చర్చిలో టిషియన్ గీసిన మరియమాత స్వర్గారోహణం ఉంది, 1518 నాటిది. తలుపు దగ్గరే ఆగి, ఆ దూరం నుంచే మొదట చూడండి. ఆ ఎర్రని రంగులు అంత దూరానికీ అందాలనే గీశాడు. ఆయన సమాధీ అక్కడే. పక్కనే సాన్ రొక్కో భవనం. 1564లో పైకప్పు బొమ్మకు నమూనాలు తెమ్మని కొందరు చిత్రకారులను పిలిస్తే, టింటొరెట్టో ఏకంగా పూర్తయిన బొమ్మనే చాటుగా పైన బిగించి, కానుకగా ఇస్తున్నానన్నాడు. పోటీకొచ్చినవాళ్లు మండిపడ్డారు. పని మాత్రం ఆయనకే దక్కింది, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే గీశాడు. మెడ నొప్పి పుట్టకుండా కప్పు చూడటానికి చేతి అద్దాలు పెడతారు, సిగ్గుపడకుండా తీసుకోండి.

రెండో రోజు అక్కదెమియా మ్యూజియం. అక్కడ వెరొనీస్ గీసిన పెద్ద విందు చిత్రం వదలొద్దు. క్రీస్తు కడపటి విందులో విదూషకులూ కుక్కలూ ఏమిటని 1573లో మతవిచారణ సభ నిలదీస్తే, ఆయన బొమ్మను దాదాపు అలాగే ఉంచి పేరు మార్చేశాడు.

రియాల్తో దగ్గర కోర్తె సెకొందా దెల్ మిలియోన్ అనే చిన్న వాకిలి ఉంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు అక్కడేనంటారు. ఆయన తన పుస్తకంలో మన మోటుపల్లి రేవును, అక్కడి వజ్రాలను, సన్నని నేతబట్టలను, ఆ రాజ్యం ఏలిన రాణిని పొగిడాడు. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారుల మాట. ఆ వాకిట్లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. తెలుగువాళ్లం కాబట్టి ఐదు నిమిషాలు ఆగండి.

బురదలో దించిన చెక్కగుంజల మీద నిలబడ్డ ఊరది. గాలి తగలదు కాబట్టి ఆ చెక్క అంత తొందరగా కుళ్లదు. అసలు బెంగ సముద్రపు పోటుతో. 2019 నవంబరులో నీరు 187 సెంటీమీటర్లకు లేచింది. మరుసటి ఏడు అక్టోబరు నుంచి ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సు ముఖద్వారాల్లో తలుపులు లేపి పోటును ఆపుతున్నారు. అయినా చలికాలమైతే పోటు వేళలు చూసుకునే బయల్దేరండి.

అల్లుడుగారు శాకాహారి కదా, అన్నంతో చేసిన వంటకమైనా మాంసపు రసంలో ఉడికించారేమో అడగాలి. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే చవక. వంతెన మెట్ల మీద కూర్చుని తినొద్దు, జరిమానా వేస్తారు. వేయకపోయినా, సంచులు మోసుకుంటూ పనికి పోయేవాళ్ల దారి అది.

జాబితా తిరగరాసి నాకు పంపు. రెండు రోజులకు నేను చెప్పిన చోట్లకు మించి ఉంటే ఒప్పుకోను. ముందు గది చూసుకోండి, ఆ తర్వాతే రైలు టికెట్లు కొనండి.

ఇద్దరికీ ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ