స్వల్పకాలిక స్మృతి - అవధాన ధారణ

సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారం పారిశ్రామికవాడలో రసాయన, ఔషధ కర్మాగారాలు అనేకం ఉన్నాయి. అటువంటి ఒక కర్మాగారంలో షిఫ్టు మారే వేళను ఊహించండి. దిగిపోతున్న కార్మికుడు వచ్చినవానికి మూడు సంగతులు చెబుతాడు: రియాక్టరు సంఖ్య, దాటరాని ఉష్ణోగ్రత, మూయవలసిన వాల్వు. విన్నవాడు నాలుగడుగులు వేయకముందే ఎవరో పిలిచి సరుకు లెక్క అడుగుతారు. జవాబు చెప్పి వెనుదిరిగేసరికి ఆ మూడింటిలో ఒకటి మనసులో ఉండదు. అతడు అశ్రద్ధాపరుడు కాడు. తెలివితక్కువవాడు అంతకన్నా కాడు. మానవ మేధ నిర్మాణమే అట్టిది. ఇటువంటి సంగతులను లాగ్‌బుక్కులో వ్రాసి అప్పగించడం అందువల్లనే అవసరం. మరచిన అంకె చిన్నదే. రసాయనాల నడుమ దాని మూల్యం ప్రాణమే కావచ్చు.

అప్పుడే విన్నదానిని, చూచినదానిని కొద్దిసేపు నిలిపి ఉంచే శక్తిని మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు స్వల్పకాలిక స్మృతి అంటారు. 1959లో అమెరికాకు చెందిన పీటర్‌సన్ దంపతులు కొందరికి అర్థంలేని మూడేసి హల్లులను ఇచ్చి, వెంటనే ఒక సంఖ్య నుండి మూడేసి తగ్గిస్తూ వెనుకకు లెక్కించమన్నారు. లోలోపల వల్లెవేసుకునే అవకాశం లేకపోవడంతో, పద్దెనిమిది సెకన్లకే ఆ అక్షరాలు దాదాపుగా చెదిరిపోయాయి. కాలం గడవడం కన్నా, ముందు నేర్చిన అక్షరాలు కొత్తవాటికి అడ్డుపడడమే ఈ మరపుకు కారణమని తరువాతి పరిశోధకులు వాదించారు.

ఈ స్మృతి పరిమితి కూడా స్వల్పమే. ఒకేసారి ఏడు అంశాలు, లేదా అటూ ఇటూ రెండు, నిలుస్తాయని జార్జి మిల్లర్ 1956లో అన్నాడు. నాలుగుకు మించవని 2001లో నెల్సన్ కోవన్ తేల్చాడు. అయితే ‘అంశం’ అంటే అక్షరమో అంకెయో కానక్కరలేదు. అర్థంతో ముడివడిన ఒక కట్ట కావచ్చు. పది అంకెల ఫోను సంఖ్యను మనం విరిచి విరిచి చెప్పుకోవడం ఇందుకే.

ఈ కట్టలు కట్టే విద్యను తెలుగువారు ఏనాడో సభలకెక్కించారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఊరూరా ప్రదర్శించి ప్రసిద్ధికి తెచ్చిన అవధాన ప్రక్రియలో, పృచ్ఛకులు ఎనమండుగురు కవిని చుట్టుముడతారు. పద్యం సగంలో ఉండగా అప్రస్తుత ప్రసంగి ఏదో చమత్కారపు ప్రశ్న వేస్తాడు. పీటర్‌సన్ ప్రయోగంలో వెనుకకు లెక్కించడం చేసిన పనినే ఇక్కడ అతడు చేస్తాడు! అయినా చివరకు అవధాని పద్యాలన్నీ అప్పగిస్తాడు. ఉత్పలమాల పద్యంలో ఎనభై అక్షరాలు. ఛందస్సు తెలియనివానికి అవి ఎనభై విడి గింజలు. అవధానికి గణాలు నడక నిస్తాయి, రెండవ అక్షరాన్ని ప్రాస, పదవ అక్షరాన్ని యతి కట్టి ఉంచుతాయి, అన్నిటినీ భావం అల్లుతుంది. ఏళ్ల తరబడి దీర్ఘకాలిక స్మృతిలో చేరిన సాహిత్యమే ఈ క్షణకాలపు పనికి ఆధారం.

దీనికి దగ్గరి ఉదాహరణ 1980లో అమెరికా పరిశోధకులు ఎరిక్‌సన్, ఛేజ్ ప్రకటించినది. ఏడంకెలు మాత్రమే గుర్తుంచుకోగల ఒక విద్యార్థి రెండేళ్లలోపు సాధనతో డెబ్బైతొమ్మిది అంకెల వరకు చెప్పగలిగాడు. అతడు పరుగుపందెగాడు, అంకెలను పందెపు సమయాలుగా మార్చుకొనేవాడు. కాని అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగినది పాత్ర కాదు, సర్దే నేర్పు.

అందుకే అష్టావధానంలో ఘంటాగణనం చిన్న అంశంగా కనిపించినా కఠినమైనదే అనవచ్చు. గంటల మోతకు యతి లేదు, ప్రాస లేదు, భావం లేదు. 1974లో బాడ్లీ, హిచ్ వివరించిన దాని ప్రకారం, మాటలను లోలోపల పలికి నిలుపుకోవడానికి మనసులో ప్రత్యేక విభాగం ఒకటి ఉంది. ఆ లోపలి గొంతుతోనే అవధాని పద్యపాదం కూర్చుకోవాలి, అదే గొంతుతో ఎప్పుడు మ్రోగుతుందో తెలియని గంటను లెక్కించుకోవాలి.