కుర్చీ లాక్కోకముందే మెనూ అడగండి

పోయిన వేసవి సెలవుల్లో మా కుటుంబం ఆరుగురం ఒక థీమ్ పార్కుకి వెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. పిల్లలు నీళ్లాటలోంచి బయటికొచ్చి ఆకలి ఆకలి అంటున్నారు. మా అత్తయ్యకి షుగరు, మాత్ర వేసుకుని అప్పటికే అరగంట. కౌంటర్ల దగ్గర క్యూ చూస్తే కాళ్లు పీకాయి. ఎదురుగా ఏసీ రెస్టారెంటు, తెల్లటి గుడ్డ పరిచిన టేబుళ్లు. మారు ఆలోచన లేకుండా లోపలికి నడిచాం.

తిన్నది 3,200 రూపాయలకి. బిల్లు 3,696 వచ్చింది. పద్దుల మధ్యలో ‘ఎస్.సి. 10%’ అని, పక్కన 320. ఆ 320ని కూడా కలుపుకుని, మొత్తం మీద 5 శాతం జీఎస్టీ.

‘‘ఎస్.సి. అంటే ఏంటి బాబూ?’’ అనడిగాను.

‘‘సర్వీస్ ఛార్జ్ మేడం. అందరికీ వేస్తాం, సిస్టమ్‌లోనే వచ్చేస్తుంది.’’

మేనేజరుని పిలవమన్నాను. ఆయన వచ్చి, నా మాట వినీ వినగానే తీయించేశారు. కొత్త బిల్లు 3,360. అంటే ఆ ఒక్క పద్దు వల్ల మా మీద పడబోయింది 336 రూపాయలు. పక్క టేబులు దగ్గర ఇద్దరు పిల్లలతో ఒక జంట కూర్చుని ఉన్నారు. ఆయన పర్సులో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ఫోల్డరులో పెట్టి మూశాడు. నేను వెళ్లి, ‘‘అందులో సర్వీస్ ఛార్జ్ వేశారేమో చూసుకోండి, తీయించుకోవచ్చు’’ అన్నాను. ఆయన మొహమాటంగా నవ్వి, ‘‘పోనీలెండి మేడం, పిల్లల ముందు గొడవెందుకు’’ అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. తిన్నాక అడిగితే ఏ ప్రశ్నైనా గొడవలాగే కనిపిస్తుంది. చెయ్యి కడుక్కుని కూర్చున్నవాళ్లం, చుట్టూ నలుగురు చూస్తుంటారు, పిల్లలు తర్వాతి రైడ్‌కి లాగుతుంటారు. అదే ప్రశ్న గుమ్మం దగ్గర అడిగితే ఉత్త ప్రశ్నే. జవాబు నచ్చకపోతే పక్కకి వెళ్లిపోవచ్చు. బయటి తిండి గేటు దగ్గరే ఆపేసే చోట మనకి మిగిలిన బేరం అదొక్కటే. కాబట్టి సెలవులకి బయల్దేరే ప్రతి కుటుంబానికీ నేను చెప్పేది ఇదే: రిసార్టులో ఏ రెస్టారెంటు మంచిదో తేల్చుకోవాల్సింది కూర్చోకముందు. ఆ తేల్చుకోవడానికి కావాల్సిన సమాచారం ముందే తెలుసుకునే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకి ఇచ్చింది.

మొదటి ప్రశ్న సర్వీస్ ఛార్జ్ గురించే. ‘‘మీరు సర్వీస్ ఛార్జ్ వేస్తారా?’’ అంతే. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) మార్గదర్శకాలు ఇచ్చింది. హోటలైనా రెస్టారెంటైనా సర్వీస్ ఛార్జ్‌ని తనంతట తాను బిల్లులో కలపకూడదు. వేరే పేరు పెట్టీ వసూలు చేయకూడదు. ఇవ్వనన్నవాళ్లని లోపలికి రానివ్వకపోవడం కూడదు. భోజనం ఖరీదులో కలిపి, ఆ మొత్తం మీద జీఎస్టీ వేయడం అసలే కూడదు. మా బిల్లులో జరిగింది సరిగ్గా ఆ చివరిదే. రెస్టారెంట్ల సంఘాలు దీన్ని సవాలు చేస్తే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ పిటిషన్లు కొట్టేసి, మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పిచ్చింది. వాళ్లు డివిజన్ బెంచ్‌కి అప్పీలుకి వెళ్లారు. వడ్డించిన కుర్రాడి పనితనం నచ్చి మనం చేతిలో పెట్టేది వేరు. అది మన ఇష్టం, ఇవ్వాలనిపిస్తే మనస్ఫూర్తిగా ఇవ్వండి.

పన్ను సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, రిసార్టులో దాని బరువు బాగా తెలుస్తుంది. మామూలు రెస్టారెంటులో తిండి మీద జీఎస్టీ 5 శాతం. కానీ రెస్టారెంటు ఒక పెద్ద హోటలు ఆవరణలో ఉండి, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఆ హోటల్లో ఏ గదికైనా రోజుకి 7,500 రూపాయలు దాటి అద్దె తీసుకుని ఉంటే, అక్కడ తిండి మీద పన్ను 18 శాతం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ లెక్క నడుస్తోంది. మీరు ఆ హోటల్లో దిగారా లేదా అన్నదానితో పనిలేదు. మేం తిన్న 3,200 రూపాయల భోజనానికే 5 శాతమైతే 160, 18 శాతమైతే 576. ఇది చట్టబద్ధమైన పన్నే, తీసేయమని అడగలేం. అందుకే ‘‘ఇక్కడ జీఎస్టీ ఎంత?’’ అని ముందే అడిగి, పార్కు లోపలి రెస్టారెంటా, హోటలు రెస్టారెంటా అన్నది తేల్చుకోవాలి.

ఇక మంచినీళ్లు. ఎండలో తిరిగొచ్చి కూర్చోగానే సీల్డ్ సీసా మూత తీసి గ్లాసులో పోసేస్తారు. మూత తీయకముందే ‘‘మామూలు నీళ్లు ఇవ్వండి’’ అనాలి. హైదరాబాదులో ఒక రెస్టారెంటు మామూలు నీళ్లు ఇవ్వనని సీసా అంటగట్టి, దానికి తోడు సర్వీస్ ఛార్జ్ కూడా వేసిన కేసులో, జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ కస్టమరుకి 5,000 రూపాయల పరిహారం ఇప్పించింది. సీసా ధర విషయంలో మాత్రం ఒక తేడా గుర్తుంచుకోండి. టేబుల్ దగ్గర కూర్చోబెట్టి వడ్డించేటప్పుడు ఎంఆర్‌పీకి మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ మనం కొంటున్నది సీసా ఒక్కటే కాదు, సేవ కూడా అన్నది కోర్టు మాట. అదే సీసా పార్కులో దుకాణం దగ్గర కొని చేత్తో పట్టుకుపోతే ఎంఆర్‌పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే. ఒకే సరుకుకి చోటుని బట్టి రెండు ఎంఆర్‌పీలు ముద్రించడం కూడా 2018 జనవరి నుంచి కుదరదు.

బయటి తిండి ఆపడం న్యాయమేనా అని చాలామంది అడుగుతారు. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు సినిమా హాళ్ల విషయంలో, అవి ప్రైవేటు స్థలాలు కాబట్టి యజమాని బయటి తిండి వద్దనవచ్చంది. అయితే హాళ్లలో తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల ఆహారానికి అడ్డు చెప్పకూడదని కూడా అక్కడ తేలింది. ఆ తీర్పు హాళ్ల గురించే అయినా పార్కుల వాళ్లు చూపించేది దాన్నే. కాబట్టి అందులోని రెండో సగం మీరూ గేటు దగ్గర గుర్తుచేయండి. చంటిబిడ్డ పాలసీసా, పెద్దవాళ్ల మందులు, షుగరున్న వాళ్లకి రెండు బిస్కెట్లు. వీటి గురించి టికెట్టు కొనేటప్పుడే ఈమెయిల్లో రాసి జవాబు తెప్పించుకుంటే గేటు దగ్గర వాదన ఉండదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇంకొకటుంది: ఈ రెస్టారెంటు ఎవరిది? పార్కు గోడల మధ్య ఉన్నంత మాత్రాన పార్కుదే కానక్కర్లేదు. కాంట్రాక్టుకి ఇచ్చినవీ ఉంటాయి. అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు చాలామంది ఒక్కసారైనా చూసొచ్చే ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో జరిగిన సంగతి చూడండి. 2023 అక్టోబరులో న్యూయార్కులో పనిచేసే ఒక డాక్టరమ్మ, డిస్నీ స్ప్రింగ్స్‌లోని ఒక రెస్టారెంటులో భోంచేశారు. ఆమెకి పాలపదార్థాలు, గింజలు పడవు. ఆ సంగతి సర్వరుకి పదేపదే చెప్పి, భరోసా తీసుకునే ఆర్డరిచ్చామని ఆమె భర్త దావాలో రాశారు. అదే రాత్రి అలర్జీ ముదిరి ఆమె చనిపోయారు. భర్త రెస్టారెంటు మీద, డిస్నీ మీద కేసు వేస్తే డిస్నీ రెండు మాటలు చెప్పింది. ఆ రెస్టారెంటు మాది కాదు, మేం స్థలం అద్దెకిచ్చినవాళ్లం మాత్రమే అన్నది ఒకటి. రెండోది వింటే గుండె కలుక్కుమంటుంది. ఆయన 2019లో డిస్నీ ప్లస్ ట్రయల్ కోసం ఒప్పుకున్న షరతుల్లో వివాదాలు ఆర్బిట్రేషన్‌కే అని ఉందట, కాబట్టి కోర్టుకి రాకూడదట. జనం ఆగ్రహం చూశాక 2024 ఆగస్టులో ఆ వాదన వెనక్కి తీసుకుంది.

మన దేశంలో ఆ రెండో వాదన నిలవదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మొదటి వాదన మాత్రం ఇక్కడా ఎదురవుతుంది. దానికి మందు బిల్లులోనే ఉంది. బిల్లు మీద ఉన్న పేరు, జీఎస్టీ నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు చూడండి. లైసెన్సు కనిపించే చోట పెట్టాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద ఆ నంబరు ముద్రించడం తప్పనిసరి. ఫిర్యాదు చేయాల్సి వస్తే బిల్లు మీద పేరున్నవాళ్లనీ, టికెట్టు అమ్మిన పార్కునీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. బాధ్యత ఎవరిదన్నది కమిషన్ తేలుస్తుంది.

పడని పదార్థం ఏదైనా ఉంటే నోటిమాటతో వదిలేయకండి. ఆర్డరు మీద రాయించండి, లేదా ఫోనులో వాట్సాప్‌గా పంపండి. ఒకే పేరుతో పది, అంతకన్నా ఎక్కువ చోట్ల నడిచే రెస్టారెంట్లు కేలరీలు, అలర్జీ కలిగించే పదార్థాల వివరాలు ఇవ్వాలని నిబంధన ఉంది. తిన్నది కల్తీదో, పాచిపోయినదో అయి జబ్బు చేస్తే ఆస్పత్రి కాగితం మీద డాక్టరుతో కారణం రాయించుకోండి. 2006 నాటి ఆహార భద్రత చట్టం 65వ సెక్షను ప్రకారం ప్రాణం పోతే కనీసం 5 లక్షలు, తీవ్రంగా దెబ్బతింటే 3 లక్షల దాకా, మిగతా హాని జరిగితే లక్ష దాకా పరిహారం అడగొచ్చు.

రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి చోట్ల కొన్ని ప్యాకేజీల్లో భోజనం కలిసే ఉంటుంది. అలాంటివి కొనేటప్పుడు బఫే ఎన్నింటిదాకా, పిల్లల ధర వయసుని బట్టా ఎత్తుని బట్టా, వెజ్‌కి వేరే వంటగది ఉందా అన్నవి రాతలో తీసుకోండి. రెండున్నరకి మూసేసే బఫే, మూడింటికి బయటికొచ్చే రైడ్ ఉన్న కుటుంబానికి డబ్బు దండగే. నన్నడిగితే పెద్దవాళ్లున్న కుటుంబానికి కూర్చుని తినే భోజనం రోజుకి ఒక్కపూట చాలు, అదీ మధ్యాహ్నం. ఆ గంటన్నర నీడ, చల్లదనం, వీపు ఆన్చుకునే కుర్చీ కోసం డబ్బు పెట్టినా నష్టం లేదు. రాత్రికి కౌంటర్ దగ్గర ఇడ్లీ తిన్నా సరిపోతుంది.

ఓర్లాండో వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అక్కడ డిస్నీ రెస్టారెంట్లలో ఆరుగురు, ఆపైన ఉంటే 18 శాతం టిప్ బిల్లులోనే వస్తుంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఆ సంగతి మెనూలోనూ బిల్లు మీదా కనిపించేలా రాయాలి. చూసుకోకుండా మళ్లీ టిప్ రాసి రెండుసార్లు ఇవ్వకండి.

అంతా అడిగినా సర్వీస్ ఛార్జ్ వేసి తీయకపోతే? ముందు మేనేజరుని అడగండి. తీయనంటే, కట్టాల్సి వస్తే కట్టి, బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. అక్కడే కూర్చుని 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. పార్కు ముంబయి దగ్గరున్నా బెంగళూరులో ఉన్నా, మీరు ఉండేది గుంటూరైతే గుంటూరులోనే కేసు వేయొచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షను ఆ వెసులుబాటు ఇచ్చింది. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

రెండేళ్లంటే గుర్తొచ్చింది. ఈ బిల్లులు వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తాయి, కొన్ని నెలలకే వెలిసిపోతాయి. ఆ రోజు మేనేజరు రాకముందే నేను మొదటి బిల్లుకి, గోడ మీది లైసెన్సుకి, మెనూలో ధరల పేజీకి ఫోటోలు తీసుకున్నాను. కాగితం ఇప్పుడు దాదాపు తెల్లగా ఉంది. ఫోనులో మాత్రం ఆ 320 చక్కగా కనిపిస్తోంది, తేదీతో సహా.