ఉప్పెన రాకముందే

తుపానులో గాలికంటె ఉప్పెనయే హెచ్చు ప్రాణములు గొనును. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది సముద్రజలమే. ఈ రెండవదానిలో సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో దాదాపు అంతటి తుపానే మరల కృష్ణా ముఖమున తీరము దాటినను మృతులు 1,000కి లోపుగనే యుండిరి. ఏలయన, 6 లక్షలకు పైగా జనులను ముందుగా తరలించిరి. అప్పటికి తుపాను షెల్టరులును వెలసియుండెను.

పశువులను విడువలేక యింట నిలిచిపోవువారిని మేము నిందింపజాలము. వారి జీవనమంతయు ఆ కొట్టములోనిదే. కాని హెచ్చరిక విన్నంతనే పశువులను మెరకకు తోలవలెను. వీలుకానిచో పలుపులైనను విప్పవలెను. కట్టుకొయ్యనున్న పశువు ఈదజాలదు. విద్యార్థులు ఈ మాట యింట పెద్దలకు చెప్పుదురుగాక. షెల్టరునకు పోవునపుడు పట్టా కాగితములతోపాటు మంచినీటి బిందెయు గొనిపోవలెను. ఉప్పెన తీసిన పిదప బావినీరు త్రాగుటకు పనికిరాదు.