చేనుకు తడి పెడతాం... మరి ఒంటికో?

మోటారు రెండు రోజులు ఆగితే చేను ఎండిపోతుందని మనకు నిద్ర పట్టదు. అదే ఎండలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చెంబెడు నీళ్ళు తాగకుండా కలుపు తీస్తాం. సాయంత్రం మూత్రం పచ్చగా, మంటగా వస్తే 'వేడి చేసింది' అని సరిపెట్టుకుంటాం. లోపల జరిగేదేమిటో తెలిస్తే అలా ఊరుకోం.

నిర్మాణం ఇలా...

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటూ ఇటూ రెండు మూత్రపిండాలు ఉంటాయి. చిక్కుడు గింజ ఆకారం. పొడవు 10-12 సెం.మీ., బరువు సుమారు 150 గ్రాములు. ఒక్కో దానిలో దాదాపు 10 లక్షల వడపోత గొట్టాలు (నెఫ్రాన్లు) ఉంటాయి. ఒక్కో మూత్రపిండం నుంచి 25-30 సెం.మీ. పొడవైన మూత్రనాళం పిల్లకాలువలా దిగి మూత్రాశయంలో కలుస్తుంది. మూత్రాశయం చెరువు లాంటిది. సుమారు అర లీటరు పడుతుంది. దాని తూము ప్రసేకం. మూత్రం బయటికి పోయేది ఆ దారినే.

పని ఏమిటి?

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో నూటికి 99 పాళ్ళు మళ్ళీ రక్తంలోకే పంపుతాయి. మిగిలిన ఒకటిన్నర, రెండు లీటర్లే మూత్రం. మనం పొలంలో చల్లే యూరియా లాంటిదే ఒంట్లోనూ తయారవుతుంది. పప్పు, మాంసం అరిగాక వచ్చే ఆ యూరియాను, ఎక్కువైన ఉప్పును ఇవే బయటికి నెడతాయి. రక్తపోటును అదుపులో ఉంచడం, రక్తం పట్టేందుకు తోడ్పడటం కూడా వీటి పనే.

తేడా ఎక్కడ వస్తుంది?

చెమట ఎక్కువ పోయి నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. అందులోని లవణాలు పేరుకుని రాళ్ళవుతాయి. ఆడవాళ్ళు చాటు లేదని సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు. వారి ప్రసేకం 4 సెం.మీ. మాత్రమే కాబట్టి క్రిములు తేలిగ్గా పైకి పాకుతాయి. మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే జబ్బు మూత్రపిండం దాకా పోయిందని అనుమానించాలి.

ఒళ్ళు నొప్పులకు బడ్డీకొట్లో కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బిళ్ళలు మరో ముప్పు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి వేసుకుంటే మూత్రపిండాలకు రక్తం సరిగా అందదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమంది ఈ జబ్బు బారిన పడ్డారు. వారిలో ఎక్కువమంది రైతులు, కూలీలే. అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. అక్కడి అనుభవం చెప్పేది ఒకటే: నొప్పి లేదని నిశ్చింత కూడదు. చాలావరకు పాడయ్యేదాకా మూత్రపిండం బయటపడదు.

ఏం చేయాలి?

* ఎండలో పని చేసేటప్పుడు అరగంటకో గ్లాసు నీళ్ళు తాగాలి. మజ్జిగ, అంబలి మంచివే. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే నీళ్ళు సరిపోయినట్టు.
* మూత్రం ఆపుకోకూడదు. పొలం గట్టున తడికెలతో చిన్న చాటు కట్టుకుంటే ఆడకూలీలకు ఎంతో మేలు.
* నొప్పి బిళ్ళలు డాక్టరు చెబితేనే వాడాలి.
* షుగర్, బి.పి. ఉన్నవారు ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోవాలి.
* కాళ్ళవాపు, మొహం ఉబ్బు, మూత్రంలో నురగ లేక రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

ఇప్పటికే మూత్రపిండాల జబ్బు గానీ, గుండె జబ్బు గానీ ఉన్నవారు నీళ్ళు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

ఎండిన పైరు మళ్ళీ వేసుకోవచ్చు. పూర్తిగా పాడైన మూత్రపిండం మాత్రం మళ్ళీ చిగురించదు.